నమ్మిన మనిషితో నాలుగు మాటలు

మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషైనా ఉంటే కష్టకాలంలో కుంగిపోకుండా నిలబడగలమన్నది పాత నమ్మకం. దాన్ని గట్టిగా కొలిచి చూసిన తొలి పరిశోధనల్లో ఒకటి దక్షిణ లండన్‌లోని కాంబర్‌వెల్ ప్రాంతంలో జరిగింది. సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్, ఆయన సహ పరిశోధకురాలు టిరిల్ హారిస్ అక్కడి 458 మంది స్త్రీలను ఇళ్లకు వెళ్లి గంటల తరబడి పలకరించారు. గడిచిన ఏడాదిలో ఏం జరిగింది, భర్తకు జబ్బు చేసిందా, ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందా, పని పోయిందా, దగ్గరివాళ్లెవరైనా దూరమయ్యారా అని అడిగి అన్నీ రాసుకున్నారు. ఆ సంఘటన ఎంత తీవ్రమైనదో తేల్చే పని ఆమె కన్నీళ్ల మీద వదిలేయలేదు. ఆమె పరిస్థితిలో ఉన్న మామూలు మనిషికి అది ఎంత పెద్ద దెబ్బ అవుతుందో పరిశోధకులు విడిగా కూర్చుని నిర్ణయించారు. కుంగుబాటులో ఉన్న మనిషికి చిన్న విషయం కూడా కొండంతగా కనిపిస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త అవసరమైంది.

1978లో పుస్తకంగా వచ్చిన ఆ ఫలితాల్లో ఒక సంగతి నేటికీ ఈ రంగానికి పునాదిగా ఉంది. పెద్ద దెబ్బ తగిలినా, ఏ దాపరికమూ లేకుండా మాట్లాడుకోగల భర్త లేదా ప్రియుడు ఉన్న స్త్రీలలో ఇంచుమించు పదిమందికి ఒకరే కుంగుబాటులోకి జారారు. అలాంటి తోడు లేనివారిలో ఆ వాటా మూడు నాలుగు రెట్లు. తల్లినో, అక్కచెల్లెళ్లనో, స్నేహితురాలినో ఆప్తురాలిగా చెప్పినవాళ్ల విషయంలో పరిశోధకులు ఇంకో ప్రశ్న వేశారు: ఆమెను కనీసం వారానికొకసారైనా కలుస్తారా? ఆప్తత ఎంత లోతైనదన్న దానితో పాటు ఎన్నాళ్లకొకసారి పలకరింపు ఉందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన సంగతేనని వాళ్లకు మొదటి నుంచీ తెలుసు.

అయితే ఈ లెక్కలో ఒక అనుమానానికి చోటుంది. కుంగిపోయిన మనిషి సహజంగానే నలుగురికీ దూరమవుతుంది కదా, అప్పుడు తోడు లేకపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల తోడు పోయిందా? బ్రౌన్ బృందం దీనికి జవాబు వెతుకుతూ ఉత్తర లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో 400 మంది తల్లులను ఎంచుకుంది. ముందుగా వాళ్లకు ఎవరెవరు అండగా ఉన్నారో నమోదు చేసి, ఏడాది గడిచాక మళ్లీ వెళ్లింది. 1986లో వెలువడిన ఆ ఫలితం కాస్త నొప్పి కలిగించేదే. మొదటి పలకరింపులో ‘నాకు ఫలానా మనిషి ఉన్నాడు’ అని ధీమాగా చెప్పి, తీరా కష్టం వచ్చినప్పుడు ఆ మనిషి ఆదుకోని స్త్రీలలో కుంగుబాటు బాగా ఎక్కువగా కనిపించింది. నమ్మకం అన్న మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం ఉంది. అవసరం వచ్చిన రోజు ఆ మనిషి నిజంగా దొరకాలి, విన్నదాన్ని కడుపులో పెట్టుకోవాలి, విన్నాక చిన్నచూపు చూడకూడదు. ఈ మూడూ మాటలతో తేలేవి కావు. చిన్న చిన్న విషయాలు చెప్పుకుంటూ, వాటిని ఎదుటి మనిషి ఎలా పదిలపరుస్తున్నాడో చూస్తూ పోతేనే తెలుస్తాయి. క్రమం తప్పని మాటకున్న మొదటి విలువ ఇదే: పెద్ద కష్టం రాకముందే ఆ బంధం పరీక్షకు నిలిచి ఉంటుంది.

బాధ చెప్పుకోవడం మనుషులకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. బెల్జియంలోని లూవాన్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ రిమే దశాబ్దాల పాటు దీన్నే పరిశీలించాడు. మనసును గట్టిగా తాకిన సంఘటనల్లో 80 నుంచి 95 శాతం దాకా మనుషులు ఎవరో ఒకరికి చెప్పేస్తారని, సగానికి పైగా అదే రోజు చెబుతారని ఆయన అధ్యయనాలు చూపాయి. చదువుకున్నవాళ్లు, చదువులేనివాళ్లు, ఆడా మగా, దేశాలు, భాషలు ఏవైనా ఈ ధోరణి పెద్దగా మారలేదు. సిగ్గు, అపరాధ భావన కలిగించిన సంగతుల్ని మాత్రం జనం కొంత దాచుకుంటారు. ‘చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది’ అన్న తెలుగు సామెత పుట్టింది సరిగ్గా ఈ ఇరుకులోనే.

కానీ రిమేకి ఎదురైన అసలు చిక్కు వేరు. చెప్పుకున్నాక తేలికపడ్డామని దాదాపు అందరూ అంటారు. కొన్నాళ్ల తర్వాత అదే సంఘటన గుర్తుచేసి కొలిచి చూస్తే మాత్రం, చెప్పుకున్నవారిలోనూ చెప్పుకోనివారిలోనూ బాధ ఒకే తీరున ఉంటోంది. అంటే కక్కేస్తే పోతుందన్న నమ్మకం సగమే నిజం. ఆయనా, ఫ్రెడరిక్ నిల్స్ కలిసి 2012లో ప్రచురించిన ప్రయోగం మిగతా సగాన్ని చూపించింది. మనసు కలచివేసే వీడియో చూసినవాళ్లు ఆ వెంటనే తోటి మనిషితో మాట్లాడారు. కొందరికి ఎదుటివాళ్లు ఓదార్పుగా, సానుభూతితో బదులిచ్చారు. ఇంకొందరికి ఆ దృశ్యాన్ని వేరే కోణంలో చూసేలా, దానికి వాళ్లిచ్చుకున్న అర్థాన్ని కొంచెం జరిపేలా బదులిచ్చారు. ఓదార్పు దొరికినవాళ్లకు ఎదుటి మనిషి మీద ఆత్మీయత పెరిగింది, ఒంటరితనం తగ్గింది. రోజుల తర్వాత అదే వీడియో మళ్లీ చూసినప్పుడు బాధ తగ్గినట్టు కనిపించింది మాత్రం రెండో గుంపులోనే.

మనిషికి ఈ రెండూ కావాలి, అయితే ఒకదాని తర్వాత ఒకటిగా కావాలి. పచ్చి బాధలో ఉన్నవాడికి ‘దీన్ని ఇంకోలా చూడరాదూ’ అనడం గాయం మీద చెయ్యి వేయడమే అవుతుంది. ముందు వినాలి, ‘నీ బాధలో న్యాయం ఉంది’ అన్న భరోసా అందాలి. ఆ తర్వాత ఏ నాలుగో రోజో, మరో వారమో అదే విషయం మళ్లీ మాటల్లోకి వచ్చినప్పుడు కొత్త కోణానికి చోటు దొరుకుతుంది. ఒక్కసారి కూర్చుని అంతా చెప్పేసి లేచిపోయే సంభాషణలో ఈ రెండో అంకం రానే రాదు. మళ్లీ మళ్లీ కలిసే మనిషి అవసరం ఇక్కడే కనిపిస్తుంది. పోయిన నెల ఏమన్నావో గుర్తున్నవాడే ‘అప్పటికన్నా ఇప్పుడు కొంచెం నయంగా మాట్లాడుతున్నావు’ అనగలడు.

బాధను మాటల్లో పెడితే మెదడులో ఏం జరుగుతుందో 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో మాథ్యూ లీబర్‌మన్ బృందం చూసింది. ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్న 30 మందికి కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపించారు. ఆ ముఖంలోని భావానికి ‘కోపం’, ‘భయం’ అని పేరు పెట్టమన్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో చురుకుదనం తగ్గింది, నుదుటి వెనక కుడివైపున ఉండే ప్రిఫ్రంటల్ కార్టెక్స్ భాగంలో పెరిగింది. అదే ముఖానికి తగిన మనిషి పేరు ఎంచమన్నప్పుడు ఈ మార్పు అంతగా రాలేదు. భావానికి పేరు పెట్టడమే ఆ తేడాకు కారణం. ‘ఏదోలా ఉంది’ అన్న మనిషి కాసేపటికి ‘నాకు అవమానంగా ఉంది’ అనగలిగితే, అది భాష మీద పట్టు ఒక్కటే కాదు, మెదడు ఆ భావాన్ని అదుపులోకి తీసుకుంటున్న పని కూడా. ఒంటరిగా ఉన్నప్పుడు ఆలోచన చాలాసార్లు ఈ మెట్టు ఎక్కదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఎదుట వినేవాడు ఉంటే వాక్యం పూర్తిచేయక తప్పదు, ముందు వెనకలు చెప్పక తప్పదు.

నోట మాట లేకుండా తోడు ఒక్కటే చేసే మేలూ ఉంది. 2006లో జేమ్స్ కోన్ బృందం 16 మంది వివాహిత స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, కాలి చీలమండ దగ్గర చిన్న విద్యుత్ షాక్ తగలవచ్చని హెచ్చరించింది. ఒంటరిగా ఉన్నప్పటికన్నా భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయానికి సంబంధించిన ప్రాంతాలు బాగా శాంతించాయి. అపరిచితుడి చెయ్యితో ఆ మేలు కొద్దిగానే దొరికింది. దాంపత్యం అన్యోన్యంగా ఉన్నవారిలో ఈ శాంతి మరింత ఎక్కువ. అంతకు మూడేళ్ల ముందు జ్యూరిక్‌లో మార్కస్ హైన్‌రిక్స్ చేసిన ప్రయోగంలో 37 మంది పురుషులు ముక్కూమొహం తెలియని పరీక్షకుల ముందు ప్రసంగించాల్సి వచ్చింది. ప్రసంగానికి సిద్ధమయ్యే పది నిమిషాలు ప్రాణస్నేహితుడు పక్కన కూర్చున్నవారి లాలాజలంలో కార్టిసాల్ తక్కువగా పెరిగింది. ఒత్తిడి సమయంలో మూత్రపిండాల పైనున్న గ్రంథులు విడుదల చేసే హార్మోన్ ఇది. కాసేపు పెరిగి దిగిపోతే మంచిదే. వారాల తరబడి ఎక్కువగా ఉండిపోతే నిద్ర, జీర్ణక్రియ, రోగనిరోధక శక్తి, జ్ఞాపకశక్తి అన్నీ దెబ్బతింటాయి.

దూరాన ఉన్న ఆప్తుల సంగతి? అమెరికాలోని విస్కాన్సిన్‌లో లెస్లీ సెల్ట్‌జర్ 2010లో ఏడు నుంచి పన్నెండేళ్ల లోపు 61 మంది ఆడపిల్లలకు కొత్తవాళ్ల ముందు మాట్లాడే పరీక్ష పెట్టింది. పరీక్షయ్యాక తల్లి వచ్చి దగ్గరకు తీసుకున్న పిల్లల్లోనూ, తల్లితో ఫోన్‌లో మాట్లాడిన పిల్లల్లోనూ కార్టిసాల్ ఇంచుమించు ఒకేలా దిగింది, ఆత్మీయతతో ముడిపడిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగింది. రెండేళ్ల తర్వాత అదే బృందం రాత సందేశాలతో ప్రయత్నిస్తే ఆ మేలు కనిపించలేదు. కంప్యూటర్ తెర మీద తల్లి మాటలు చదువుకున్న పిల్లల హార్మోన్లు, ఎవరూ పలకరించని పిల్లల హార్మోన్లలాగే ఉండిపోయాయి. మాటల అర్థం కన్నా గొంతులోని తీరే ఆ పని చేసిందని పరిశోధకుల ఊహ. పిల్లల మీద జరిగిన చిన్న ప్రయోగాన్ని పెద్దలకు ఉన్నదున్నట్టు అన్వయించకూడదు. అయినా గల్ఫ్‌లోనో, డాలస్‌లోనో కొడుకూ కూతురూ ఉన్న తెలుగు ఇళ్లు పట్టించుకోవాల్సిన సంగతే ఇది. వాట్సాప్‌లో రోజూ వచ్చే శుభోదయం బొమ్మలు బతికే ఉన్నామన్న కబురు చేరవేస్తాయి. ఆదివారం పొద్దున చేసే ఒక్క ఫోన్‌లో గొంతు ఎలా ఉందో తెలుస్తుంది.

వినడం అంటే ఊరికే కూర్చోవడం అనుకుంటారు. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బావెలాస్ బృందం 2000లో అది ఎంత తప్పో చూపించింది. తృటిలో ప్రమాదం తప్పిన తమ అనుభవాన్ని కొందరు చెబుతుంటే, వినేవాళ్లలో కొందరికి ఒక రహస్య పని అప్పగించారు: చెప్పేవాడి నోట ఫలానా అక్షరంతో మొదలయ్యే పదాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం. వాళ్లు కళ్లలో కళ్లు పెట్టి చూస్తూనే ఉన్నారు, తలూపుతూనే ఉన్నారు. కానీ ‘అయ్యో’, ‘అమ్మో’ అనాల్సిన చోట అనలేకపోయారు. దాంతో కథ చెప్పేవాళ్లే తడబడ్డారు. ముఖ్యంగా ముగింపు దగ్గర చెప్పిందే చెబుతూ, సమర్థించుకుంటూ చప్పగా ముగించారు. ఫోన్ చేతిలో తిప్పుతూ వినేవాడి ఎదుట మనసు విప్పబోయిన ప్రతి మనిషికీ ఈ తడబాటు అనుభవమే. చెప్పేవాడి మాట సగం వినేవాడి ముఖంలో తయారవుతుంది.

మాట మేలు చేస్తుందన్నారు కదా అని ఎంత మాట్లాడితే అంత మంచిదనుకోవడానికి వీల్లేదు. మిస్సౌరీ విశ్వవిద్యాలయానికి చెందిన అమాండా రోజ్ 2002లో 608 మంది బడిపిల్లల స్నేహాలను పరిశీలించింది. ఇద్దరు నేస్తాలు ఒకే సమస్యను పదే పదే తవ్వుకుంటూ, ‘వాడలా ఎందుకన్నాడు, రేపు ఇంకేం జరుగుతుందో’ అని ఊహాగానాల్లో మునిగే అలవాటు స్నేహాన్ని గట్టిపరుస్తోంది, అదే సమయంలో దిగులునూ పెంచుతోంది. ఆరు నెలల పాటు సాగిన తర్వాతి అధ్యయనంలో ఆడపిల్లల విషయంలో ఈ జోడు ఫలితం మరీ స్పష్టంగా కనిపించింది. వాళ్లు ఒకరికొకరు ఎంతో ఆప్తంగా ఉన్నందువల్లే ఈ నష్టం పైకి కనిపించదు. తల్లీ కూతురూ రోజూ గంటసేపు ఫోన్‌లో అత్తింటి ముచ్చట్లే తిరగేసుకోవడం, ఉద్యోగం రాని స్నేహితులు టీ కొట్టు దగ్గర రోజూ అదే నిరాశను పంచుకోవడం ఈ కోవకే వస్తాయి. మాట ముందుకు కదులుతోందా, ఉన్నచోటే తిరుగుతోందా అన్నదే గుర్తు.

బలవంతంగా చెప్పించడం ఇంకా ప్రమాదం. ఘోర ప్రమాదాలు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా ఒకే విడతలో చెప్పించే పద్ధతి 1980లలో అమెరికాలో మొదలై చాలా దేశాలకు పాకింది. జొనాథన్ బిసన్ బృందం బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరిన 133 మంది మీద దీన్ని పరీక్షించింది. 1997 నాటి ఆ ఫలితం ప్రకారం, పదమూడు నెలల తర్వాత తీవ్ర మానసిక గాయపు లక్షణాలు అలా చెప్పించినవారిలో 26 శాతం మందికీ, చెప్పించనివారిలో 9 శాతం మందికీ ఉన్నాయి. తర్వాత అనేక ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా అలాంటి ఒక్క విడత తంతును తప్పనిసరి చేయడం మానాలని తేల్చింది. ఎప్పుడు, ఎంత, ఎవరికి చెప్పాలన్నది బాధపడ్డ మనిషి చేతిలో ఉండాలి. ‘నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు, నేనిక్కడే ఉంటాను’ అన్న మాట విలువ అంతా అక్కడే ఉంది.

ఇంతవరకు చెప్పింది ఉన్న ఆప్తుల గురించి. ఎవరూ లేనివారికి ఒక ఆప్తుణ్ని ఏర్పాటు చేస్తే పనిచేస్తుందా? ఈ ప్రశ్న వేసుకున్నదీ కాంబర్‌వెల్ పరిశోధకులే. టిరిల్ హారిస్, జార్జ్ బ్రౌన్, రూత్ రాబిన్సన్ లండన్‌లో ఏడాదికి పైగా కుంగుబాటుతో ఉన్న 86 మంది స్త్రీలను రెండు సమాన భాగాలు చేశారు. ఒక భాగంలోని ప్రతి స్త్రీకీ ఒక స్వచ్ఛంద సేవకురాలిని జతచేశారు. ఆమె పని వారానికి కనీసం ఒక గంట కలిసి కబుర్లు చెప్పడం, వినడం, అవసరమైతే తోడుగా బయటికి వెళ్లడం. ఆమె ఇచ్చేది మందూ కాదు, చికిత్సా కాదు. 1999లో ప్రచురించిన ఫలితం: ఏడాది తర్వాత నేస్తం దొరికినవారిలో 65 శాతం, నేస్తం కోసం ఇంకా ఎదురుచూస్తున్న రెండో భాగంవారిలో 39 శాతం కోలుకున్నారు. ఏళ్లుగా వదలని కుంగుబాటుకు వారానికొక గంట కబుర్లు ఇంత చేయగలగడం చిన్న విషయం కాదు.

దీన్ని ఒక దేశం స్థాయికి తీసుకెళ్లిన ఘనత జింబాబ్వేది. 2005లో ఆ దేశ ప్రభుత్వం పట్టణాల్లోని పేదల గుడిసెలు, చిల్లర దుకాణాలు కూల్చివేసింది. ఇల్లో, బతుకుతెరువో, రెండూనో కోల్పోయినవారు 7 లక్షల మందని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. మానసిక వైద్యులు అక్కడ వేళ్ల మీద లెక్కించదగినంత మంది. వారిలో ఒకరైన డిక్సన్ చిబండా తన దగ్గర చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుందని విన్నాడు. ఆసుపత్రికి రావడానికి ఆమె దగ్గర బస్సు చార్జీలు లేవు. ఆ దెబ్బతో ఆయన వైద్యాన్ని రోగి ఇంటి దగ్గరికి తీసుకెళ్లే దారి వెతికాడు. 2006లో రాజధాని హరారేలోని ఎంబారే పేటలో ఆయనకు దొరికింది 14 మంది పెద్దవయసు ఆడవాళ్లు, అందరూ నగర ఆరోగ్య శాఖలో పనిచేసే సామాన్య కార్యకర్తలు. ఆసుపత్రిలో గది ఇవ్వలేదు కాబట్టి ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల వేశారు. మొదట దాన్ని ‘మానసిక ఆరోగ్య బల్ల’ అన్నారు, జనం దగ్గరికి రాలేదు. ‘స్నేహపు బల్ల’ అని పిలవమని సూచించింది ఆ అవ్వలే.

బల్ల మీద జరిగేది పైకి మామూలు ముచ్చటలా ఉంటుంది, లోపల మాత్రం ఒక క్రమం ఉంది. వచ్చిన మనిషిని అవ్వ ముందుగా పద్నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. అవి షోనా భాషలో, అక్కడి జనం దిగులును చెప్పుకునే తీరులోనే ఉంటాయి: అతిగా ఆలోచిస్తున్నావా, నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపించిందా. తర్వాత కష్టాలన్నీ చెప్పనిస్తుంది, మధ్యలో అడ్డం రాదు. భర్త తాగుడు, అద్దె బాకీ, హెచ్ఐవి, పిల్లల ఫీజు అన్నీ బయటికొచ్చాక వాటిలో ఇప్పటికిప్పుడు చెయ్యిపెట్టగలిగేది ఒకటి ఎంచుకోమంటుంది. దానికి ఏమేం చేయవచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. వచ్చే వారానికి ఒక చిన్న పని పెట్టుకుని మనిషి ఇంటికి వెళ్తుంది, వారం తిరిగాక అదే బల్ల దగ్గరికి వస్తుంది. ఇలా ఆరుసార్లు. ఆ తర్వాత అదే దారిన వచ్చిన మిగతా ఆడవాళ్ల బృందంలో చేరి, వాడేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాటలు కొనసాగిస్తుంది.

రిమే ప్రయోగశాలలో కనిపించిన రెండు అంకాలూ ఇక్కడ వరసగా ఉన్నాయి. ముందు పూర్తిగా వినడం, ఆ తర్వాత మాటను ఒక అడుగు ముందుకు జరపడం. వారం వారం రావడం వల్ల ఆ అడుగు పడిందో లేదో తెలుస్తుంది. 2016లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన పరీక్షలో హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మంది పాల్గొన్నారు. ఆరు నెలల తర్వాత, మామూలు వైద్యాన్ని కొంత మెరుగుపరిచి అందించిన గుంపులో కుంగుబాటు లక్షణాలు ఉన్నవారు ఇంచుమించు 50 శాతం, బల్ల మీద కూర్చుని వెళ్లినవారిలో ఇంచుమించు 14 శాతం. పాల్గొన్నవారిలో పదిమందికి నలుగురు హెచ్ఐవితో జీవిస్తున్నారన్నది గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంతటిదో అర్థమవుతుంది. వాళ్ల బీదరికం పోలేదు, జబ్బూ పోలేదు. వాటిని మోసే మనసు మారింది.

భారతదేశంలోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. గోవాలో సంగత్ అనే సంస్థ, వైద్య శిక్షణ లేని స్థానికులకు తర్ఫీదు ఇచ్చి, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటుతో వచ్చిన 495 మందిలో దాదాపు సగం మందితో ఆరు నుంచి ఎనిమిది విడతలుగా మాట్లాడించింది. విక్రమ్ పటేల్ నాయకత్వంలో జరిగిన ఆ అధ్యయనం లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడు నెలలకు కోలుకున్నవారు ఆ పద్ధతిలో 64 శాతం, మామూలు వైద్యంలో 39 శాతం. ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో పల్లబ్ మౌలిక్ బృందం ఆశా కార్యకర్తలను ఈ దారిలోకి తెచ్చింది. టాబ్లెట్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం, అవసరమున్నవారిని ఆరోగ్య కేంద్రంలోని డాక్టరు దగ్గరికి పంపడం, ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లి పలకరించడం వాళ్ల పని. అవసరం ఉండి వైద్య సేవ పొందినవారి వాటా 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగింది. ఊళ్లో అందరికీ తెలిసిన ఆశా గడపలో కూర్చుని అడిగితే, ఎన్నడూ ఎవరికీ చెప్పనివాళ్లు చెప్పారు.

తెలుగు కుటుంబాల్లో మనుషులకు కొదవ లేకపోయినా మనసు విప్పే చోటు దొరక్కపోవడం తరచు కనిపిస్తుంది. కోడలు అత్తింట్లో చెప్పుకోలేదు, పుట్టింట్లో చెబితే అమ్మానాన్నలు బెంగపెట్టుకుంటారని ఆగిపోతుంది. తండ్రికి అప్పుల సంగతి పిల్లలతో అనడం నామోషీ. ఒకరితో అన్నది సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చేరుతుందన్న భయం అందరిదీ. దాంతో దిగులు వేరే దారి పడుతుంది: తలపోటు, గుండెదడ, నీరసం, కడుపులో మంట. ఎన్ని పరీక్షలు చేయించినా ఏమీ తేలని ఈ బాధల వెనక నోటిదాకా రాని మాట ఉండొచ్చని అనుభవమున్న డాక్టర్లకు తెలుసు. చెప్పకుండా దాచుకోవడమే ఎంత బరువో మైఖేల్ స్లెపియన్ 2017లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చూపించాడు. రహస్యాన్ని ఎవరి ముందో కప్పిపుచ్చాల్సిన సందర్భాలు తక్కువే. ఏ పనీ లేని వేళ మనసు దానంతటదే ఆ రహస్యం దగ్గరికి పోవడమే ఎక్కువ, ఆరోగ్యం మీద భారం వేసేదీ అదే.

అందుకని ఆప్తుడు ఇంటి మనిషే కానక్కర్లేదు. పిన్ని, మేనత్త, పాత క్లాస్‌మేట్, తోటి ఉద్యోగి, రోజూ వాకింగ్‌లో కలిసే పెద్దాయన ఎవరైనా కావచ్చు. చూడాల్సింది ఒకటే, ఇతరుల గుట్టు గురించి ఆ మనిషి మన దగ్గర ఎలా మాట్లాడుతున్నాడో. అందరి సంగతులూ మన చెవిన వేసేవాడు మన సంగతీ ఇంకొకరి చెవిన వేస్తాడు. కలవడానికి ఒక రోజు, ఒక వేళ అనుకుని ఉంచుకుంటే ‘కష్టం వచ్చింది కాబట్టి ఫోన్ చేస్తున్నాను’ అన్న మొహమాటం ఉండదు, ఏమీ జరగని వారాల్లో కూడా మాట సాగుతుంది. ఎదురెదురుగా కూర్చోవడం ఇబ్బందైన మగవాళ్లకు పక్కపక్కన నడుస్తూనో, పని చేసుకుంటూనో మాట్లాడటం సులువు. ‘సలహా వద్దు, కాసేపు వింటే చాలు’ అనో, ‘ఏం చేయాలో తోచడం లేదు, నువ్వే చెప్పు’ అనో మొదటే అనేస్తే వినేవాడికి దారి తెలుస్తుంది. వినేవాడూ మనిషే. ఒక్కరి మీదే మొత్తం బరువు పడితే ఆ బంధం అలసిపోతుంది. ఇద్దరు ముగ్గురు ఉండటం, వాళ్ల కష్టం వినడానికి కూడా ఒక పూట కేటాయించడం ఇద్దరికీ క్షేమం.

కొన్ని పరిస్థితులు ఆప్తుడి చేతిని దాటిపోతాయి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోవడం, తిండీ నిద్రా బాగా దెబ్బతినడం, రోజువారీ పనులు ఆగిపోవడం, లేని గొంతులు వినిపించడం, అకారణంగా అతి ఉత్సాహం, తాగుడు పెరగడం, చావు మాటలు — వీటికి డాక్టరు కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సాధారణ మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆప్తుడు చేయగల అతిపెద్ద సాయం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది: అపాయింట్‌మెంట్ తీసుకోవడం, ఆసుపత్రికి వెంట వెళ్లడం, మందులు మధ్యలో మానకుండా చూడటం. దగ్గర్లో ఎవరూ లేని రాత్రి వేళ కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చు. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనన్న భయంతో చాలామంది ఆ మాట ఎత్తరు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది ఉన్నత పాఠశాల విద్యార్థుల మీద మడెలిన్ గూల్డ్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆ ప్రశ్న అడిగిన గుంపులో అలాంటి ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగుబాటులో ఉన్న పిల్లలకు అడగడం వల్ల కాస్త ఉపశమనం దొరికిన సూచనలు కూడా కనిపించాయి. కాబట్టి ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు, మాత్రలు లాంటివి అందుబాటులో లేకుండా తీసేసి, అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో కుటుంబాలు దాచిపెట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించే బాధ్యతను చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. వైద్యం వివరాలను గోప్యంగా ఉంచాలని కోరే హక్కును 23వ సెక్షన్ రోగికి ఇచ్చింది.